ఇంట్లో చదివే పిల్లను చూసేదెవరు

సౌదీ సర్కారు కుటుంబాల మీద లెవీ అని పన్నేసిన ఏడు, అల్ ఖోబర్‌లో నేను ఏసీలు చూసే బిల్డింగు సగం ఖాళీ అయింది. తలకింత కట్టాలనేసరికి మనవాళ్ళు చాలామంది పెళ్ళాం పిల్లలను ఇంటికి పంపేశారు. మూడో అంతస్తులో ఉండే కోస్తా ఆయన మాత్రం పంపలేదు. పెద్ద ఆఫీసులో అకౌంట్సు ఆయనది. కూతుర్ని బడి మాన్పించాడు. "హోమ్ స్కూలింగ్ అండీ. ఈ స్కూళ్ళలో ఏముంది, నేనే చెప్పుకుంటాను," అని లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. లేబర్ క్యాంపులో పాత పేపర్లు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. బడికి పోకపోతే చదువు రాదని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

అయితే ఆ దేశంలో ఫ్యామిలీ ఇంటికి పనిమీద పోయే మగవాడికి ఒక మర్యాద ఉంది. గడప బయట పక్కకు తిరిగి నిలబడి గట్టిగా కేకేయాలి. లోపల ఆడవాళ్ళు, పిల్లలు ఒక గదిలోకి పోయి తలుపేసుకుంటారు. అప్పుడు ఇంటాయన రమ్మంటాడు. లోపలి గది ఏసీ చూడాలంటే వాళ్ళు ఇంకో గదిలోకి మారతారు. మంచి మర్యాదే, కాదనను. కానీ బడి బస్సు రావడం ఆగిపోయాక ఆ పాపను బయటివాళ్ళెవరూ చూడలేదు.

ఒక శుక్రవారం వాళ్ళ ఏసీ నీళ్ళు కింది ఇంటి గోడకు దిగుతున్నాయని ఫోనొచ్చింది. కేకేశాను, ఆగాను, ఆయన రమ్మన్నాడు. హాల్లో ఏసీ బాగానే ఉంది. నీళ్ళు లోపలి గది నుంచి, స్విచ్ బోర్డు పక్కగా కారుతున్నాయి. "ఆగు, వాళ్ళను మార్చనీ," అని ఆయన అంటూనే ఉన్నాడు. కరెంటు భయానికి నేను తలుపు తోసేశాను.

పాప గోడవైపు తిరిగి నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళుంటాయేమో. చాచిన రెండు చేతుల మీద పుస్తకాలు. పిక్కల మీద వైరు వాతలు, కొన్ని నల్లబడ్డవి, కొన్ని ఇంకా ఎర్రగా. తలుపు చప్పుడైనా వెనక్కి తిరగలేదు. తిరగకూడదని నేర్పారు. ఆ ఇంట్లో ఆ పిల్ల నేర్చిన చదువు అది.

"లెక్క తప్పు చేసింది, అంతే. కొంచెం డిసిప్లిన్ అయ్యా," అన్నాడాయన నవ్వుతూ.

ఆయన మెయిన్ ఆపడానికి పోయినప్పుడు పాప తల్లి వచ్చింది. "బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను, ఎక్కడా అనకండి. మేమిక్కడ ఉండే ఇకామా కార్డులు ఆయన మీదే ఉన్నాయి. మేం ఇండియా వెళ్ళాలన్నా ఆయనే ఎగ్జిట్ ఇవ్వాలి."

మనవాళ్ళలో పెద్దమనిషి ఒకాయన ఉంటే ఆయన దగ్గరికి పోయాను. "నువ్వు దెబ్బలు తినకుంటనే పెద్దగైనవా కాకా?" అని నవ్వాడు. పక్కన కూర్చున్నవాళ్ళూ నవ్వారు. పాప చదివిన బడికి పోయాను. పేరు కొట్టేశాం, ఇక మా పిల్ల కాదన్నాడు గుమాస్తా. ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉందని ఎవరో అన్నారు. చేయాల్సిందెవరు? ఆ పిల్ల చేతిలో ఫోనుందా?

అదే బిల్డింగు కింద మొబైల్ షాపు. కొలువుల్లో తమ దేశంవాళ్ళనే పెట్టాలని నితాఖత్ చట్టం వచ్చాక, కౌంటర్ దగ్గర సౌదీ కూర్చున్నాడా లేడా చూడ్డానికి సర్కారు మనుషులు చెప్పాపెట్టకుండా దిగేవాళ్ళు. వాళ్ళ కారు సందులో కనబడగానే షట్టర్లు టపటపా పడేవి. షాపు మీద అంత కన్నుంది. దానికి మూడంతస్తుల పైన ఉన్న పిల్ల మీద లేదు. ఆ తలకు డబ్బు కట్టించుకున్నారు గానీ ఆ తల ఎట్లా ఉందని అడిగినవాడు లేడు. ఇంట్లోనే చదువు చెప్పుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఏడాదికి రెండుసార్లన్నా ఒక సర్కారు మనిషి, ఆడమనిషైతే ఇంకా మంచిది, ముందు ఫోను చేయకుండా రావాలి. తండ్రిని బయట నిలబెట్టి పిల్లతో మాట్లాడాలి. ఈమాత్రం చట్టం రాయడానికి ఎంత చదువు కావాలి?

ఎవరూ పోరు కాబట్టి నేనే పోయాను. "పైపు మళ్ళ జామైతది సార్, వారం వారం చూడాలె," అన్నాను. కేకేయడం మానేశాను. బెల్లు కొట్టి, తలుపు తీయగానే నేరుగా లోపలి గదికి. అట్లా పోతే పోలీసు కేసవుతుందని తెలుసు. "ఏం చదివినవు బిడ్డా?" అంటే మొదట పలికేది కాదు. పోనుపోను పుస్తకం తిప్పి చూపించేది. కొత్త వాతలు పడటం ఆగింది. ఎవరో వచ్చి చూస్తారంటే చాలు, చెయ్యి లేవదు. అంత పిరికివాడు.

ఒకరోజు దారికడ్డం నిలబడ్డాడు. "ఏమయ్యా, నువ్వొచ్చేది ఏసీ కోసమా, నా కూతురి కోసమా?"

"రెండిటికీ సార్."

"ఏ అధికారంతో?"

కొట్టడానికి అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూడ్డానికి నాకు కావాలి. ఆడవాళ్ళున్న ఇంట్లోకి కేకేయకుండా చొరబడుతున్నానని నా కంపెనీకి రాశాడు. ఆ వారమే నన్ను బురైదాకు, ఖర్జూర తోటల్లో మోటార్లు చూసే పనికి పంపేశారు.

నేను అక్కడుండగానే నితాఖత్ ఆయనకూ తగిలింది. ఆఫీసులో ఆయన కుర్చీలో సౌదీని కూర్చోబెట్టారని, ముగ్గురూ ఫైనల్ ఎగ్జిట్ మీద ఇక తిరిగి రాకుండా ఇండియా పోయారని బిల్డింగు వాచ్‌మన్ ఫోనులో చెప్పాడు. ఏ ఊరికి పోయారో అతనికి తెలియదు. ఏ ఊరైతేనేం, అక్కడా బడికి పంపడు, అక్కడా అడిగేవాడుండడు.

"పోయేటప్పుడు పాప ఎట్లుంది? ఎవరన్నా చూసిన్రా?" అన్నాను.

"ఎందుకు చూడరు కాకా? ఎయిర్‌పోర్టుల చూస్తరు గద, పాస్‌పోర్టు ఫోటోల మొఖం, పిల్ల మొఖం ఒక్కటేనా అని."