వైతికుప్పం గుల్లలు

పుదుచ్చేరిలో ఒక ప్రైవేటు కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో తాయమ్మాళ్ అటెండరు. గాజు సామాను కడగడం, సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోయడం, పాములకూ చేపలకూ ఊడిన చీటీలు మళ్లీ అంటించడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఇల్లు ఒర్లియంపేటలో. భర్త తిరుమలై కరెంటు ఆఫీసులో లైన్ హెల్పరు. వాళ్లకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే తాయమ్మాళ్ నవ్వి, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

రెండువేల మూడులో ఆర్తి అనే అమ్మాయి పరిశోధనకని ఆ విభాగంలో చేరింది. సముద్రపు ఒడ్డున ఇసుకలో బతికే గుల్లల మీద ఆమె పని. గుల్ల లోపలి కండను కోసి, అందులోంచి డీఎన్ఏ తీయాలి. అది ఎంతకీ వచ్చేది కాదు. గుల్లలూ నత్తలూ ఒంటినిండా జిగురుతో ఉంటాయి. ఆ జిగురు ట్యూబులోకి దిగి, గంజి పేరుకున్నట్టు పేరుకుని, కావలసినదాన్ని పైకి రానిచ్చేది కాదు. ఆర్తి నెలరోజులు తంటాలు పడింది. ఒక మధ్యాహ్నం ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసి, పక్కన ఎవరూ లేరనుకుని గొణుక్కుంది.

"థూ, ఈ పాడు జిగురు యాడికీ పోదే!"

బేసిన్ దగ్గర బీకర్లు కడుగుతున్న తాయమ్మాళ్ గిరుక్కున తిరిగింది.

"ఏందమ్మా, నువ్వు తెలుగోళ్లా?"

"ఆమా, తెలుగోళ్లమే. మాది ఈ ఊర్లోనే, ఉప్పళం. ఇంట్లో తెలుగే. సదవను రాదు గానీ మాట్లాడతాం."

"మేమూ అంతే," అంది తాయమ్మాళ్. చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చి ట్యూబు చూసింది. "గుల్లల్ని తేగానే కోస్తాండావా?"

"అవునక్కా. తాజాగా ఉండాల గదా."

"రెండు దినాలు మంచి సముద్రపు నీళ్లలో పెట్టు. ఏమీ తిననీకు. లోపలుండేదంతా కక్కేస్తాది. మా అమ్మ అట్నే చేస్తా ఉండె. కోసినాక ఆ నాలుక మాదిరి కండ మాత్రం తీసుకో, మిగతాది వొద్దు. ఉప్పునీళ్లలో జాడించి, గుడ్డతో అద్దు."

తాయమ్మాళ్ తల్లి పట్టమ్మాళ్ సముద్రపు ఒడ్డునుండే జాలరిపేట వైతికుప్పం దగ్గర గుడిసెలో కాపురం చేసిన మనిషి. భర్త మిల్లు పని మానేసి మంచం పట్టినప్పుడు, పొద్దున్నే కూతురిని వెంటబెట్టుకుని ఒడ్డుకు పోయి గుల్లలు ఏరేది. గోరంత గుల్లలు, లోపల ఊదారంగు. అల వెనక్కి తగ్గగానే వందల కొద్దీ ఒక్కసారి పైకి తేలి, రెప్పపాటులో మళ్లీ ఇసుకలోకి దూరిపోయేవి. ఆ రెప్పపాటులోనే చెయ్యి పెట్టాలి. తల్లీకూతుళ్లు బుట్ట నింపుకుని వచ్చి పులుసు పెట్టుకునేవారు. ఆ ఏడాదంతా ఇంట్లో అదే కూర. పట్టమ్మాళ్ పోయి పదిహేనేళ్లయినా, తల్లిని తలుచుకుంటే తాయమ్మాళ్‌కు ముఖం కంటే ముందు తడి ఇసుకలో వంగిన వీపు కనిపించేది.

ఆ ఆదివారం ఆమె ఆర్తిని వైతికుప్పానికి తీసుకుపోయింది. సముద్రం ఏటేటా ఇసుకను తినేస్తోంది. ఎందుకో ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పేవారు. పట్టణం ముందు ఒడ్డంతా అప్పటికే రాళ్లు పరిచేశారు. పడవలు లాగే చోటికి ఉత్తరాన చాపలు పరిచినంత ఇసుక మాత్రం మిగిలి ఉంది. తాయమ్మాళ్ చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. అల తగ్గింది. గుల్లలు తేలాయి. ఆమె చెయ్యి దానంతటదే పోయింది.

"అక్కా, నాకు ఒక్కటీ చిక్కలే!" అని ఆర్తి నవ్వింది.

మూడో రోజు తాయమ్మాళ్ చెప్పినట్టే కండ కోసి, జాడించి, అద్ది, మందులు కలిపి వేడినీళ్లలో పెట్టారు. చివర చల్లటి ఆల్కహాల్‌ను ట్యూబు గోడ వెంట మెల్లగా జార్చింది ఆర్తి. రెండు నీళ్లూ కలిసే చోట సన్నటి తెల్లపోగు ఒకటి ఊగుతూ పైకి లేచింది.

"ఇదేనా?"

"ఇదేనక్కా. గుల్ల ఎట్ట పుట్టాల, ఎట్ట పెరగాల, అంతా దీంట్లోనే రాసుండాది. నాలుగే లెటర్లు. అవే మళ్లీ మళ్లీ."

"దీన్నంతా సదువుతావా?"

"ఒక ముక్క మాత్రం. ఆర్నూటయాభై లెటర్లు. మొత్తం సదవాలంటే కోట్లు ఉంటాయి. మనిషిది సదివేసినారు, ఈగదీ ఎలకదీ సదివేసినారు. నత్తలూ గుల్లల జాతిలో ఇంకా ఒక్కటీ ముగియలా. అమెరికాలో రాళ్లకు అతుక్కునే నత్తది ఒకటి సదవాలని అనుకుంటాండారంట."

"మన గుల్లది?"

"మన గుల్లని ఎవురు అడుగుతారక్కా?"

తాయమ్మాళ్ ట్యూబును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం తిరుమలైకి అన్నం వడ్డిస్తూ, "మా అమ్మ ఏరిన గుల్ల లోపల దారం ఉండాదయ్యా, తెల్లగా," అంది. ఆయనకు అర్థం కాలేదు. అయినా, "అట్టనా?" అన్నాడు.

మరుసటి ఏడు ఆర్తి కడలూరు నుంచీ కారైకాల్ నుంచీ చెన్నై నుంచీ అలాంటి గుల్లలే తెచ్చి, అన్నిటి ముక్కలూ చదివించింది. కాగితాలు వచ్చిన రోజు ఆమె పరుగున వచ్చి తాయమ్మాళ్ భుజం పట్టుకుంది. మిగతా ఊళ్ల గుల్లలన్నీ ఒకదానికొకటి దగ్గర. వైతికుప్పం గుల్ల ఒక్కటే విడిగా ఉంది. ఆరువందల యాభైలో డెబ్భైకి పైగా అక్షరాలు వేరు.

"ఇది వేరే జాతే అయ్యుండొచ్చక్కా. ఈ ఒక్క ముక్కతో చెప్పలేం. ఇంకా గుల్లలు కావాల. జనవరిలో పోయి తెద్దాం."

డిసెంబరు ఇరవై ఆరున సముద్రం ఊళ్లోకి వచ్చింది. వైతికుప్పంలో ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. తాయమ్మాళ్ వారం రోజులు అక్కడే ఉండి, తెలిసిన కుటుంబాల వాళ్లకు వండిపెట్టింది. గుల్లల ఊసు ఎత్తడానికే సిగ్గనిపించింది. పదిహేను రోజులకు గాని ఆ ఇసుక ఉన్న చోటికి వెళ్లలేదు. వెళ్లి చూస్తే ఇసుక లేదు. నీళ్లు నేరుగా మట్టికట్టను కొడుతున్నాయి. తర్వాతి ఎండాకాలానికి అక్కడా రాళ్లు పరిచారు. ఒడ్డు నిలవాలంటే అవి కావాలి, అది ఆమెకూ తెలుసు. అయినా రాళ్ల మీద నిలబడి కిందికి చూసేది. తల్లి వంగిన చోటు ఏదో గుర్తుపట్టడానికి అక్కడ ఏమీ లేదు.

రెండువేల ఆరులో ఆర్తి పరిశోధన ముగించి, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లింది. పోయేముందు ఫ్రీజరు తెరిచి, వైతికుప్పం గుల్లల కండముక్కలు వేసి మూలన పెట్టిన ఏడు చిన్న ట్యూబులు చూపింది.

"మిగిలింది ఇంతే అక్కా. ఇంగ యాడా లేవు. ఎప్పుడైనా సొమ్ము వొస్తే వొచ్చి తీసుకుంటా. అంతదాకా చూసుకో."

"నేనుండాను గదా, పో," అంది తాయమ్మాళ్.

అప్పటినుంచి ఆమెకు అదొక దినచర్య అయింది. పొద్దున రాగానే ఫ్రీజరు మీద చెయ్యి వేసి చప్పుడు వినేది. కొత్తగా వచ్చిన పరిశోధకులను, "గుల్లల్ది ఎవురైనా మొత్తం సదివినారా?" అని అడిగేది. వాళ్లు వింతగా చూసేవారు. ఒక ఏడాది ఎవరో చెప్పారు, అమెరికా వాళ్లు ఆ రాతి నత్తది చదివి కంప్యూటర్లో పెట్టారని. తాయమ్మాళ్‌కు సంతోషమూ కలిగింది, పక్కింటి బిడ్డ పాసయ్యాడని విన్నప్పుడు కలిగే వెలితీ కలిగింది.

రెండువేల ఎనిమిది నవంబరులో తుఫాను. రెండు రోజులు కుండపోత. మూడో రోజు పొద్దున తిరుమలై తడిసి ముద్దయి ఇంటికి వచ్చి, కాలేజీ వైపు స్తంభాలు పడిపోయాయనీ, ఇంకో మూడు రోజులు కరెంటు రాదనీ చెప్పాడు. తాయమ్మాళ్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టేసింది.

"ఈ వానలో యాడికే?"

"ఫ్రీజరు కరిగిపోతాది."

మార్కెట్లో చేపలమ్మే ఆమెను బతిమాలి ఒక తట్ట ఐసు తీసుకుంది. రాళ్లుప్పు కొన్నది. మోకాటి లోతు నీళ్లలో తట్ట నెత్తిన పెట్టుకుని నడిచింది. వాచ్‌మన్ తలుపు తీశాడు. ఫ్రీజరు లోపల అప్పటికే నీళ్లు కారుతున్నాయి. ఏడు ట్యూబుల్నీ ఉప్పు కలిపిన ఐసులో పూడ్చింది. తర్వాత ఏమనుకుందో, ఒకదాన్ని పైకి తీసి, నీళ్లు కలపని ఆల్కహాల్ సీసా తెచ్చి, ట్యూబులోని కండముక్కను పట్టకారుతో ఆ సీసాలోకి జార్చింది. ఆర్తి ఎప్పుడో అన్న మాట గుర్తుంది: చల్లదనం లేకపోతే ఆల్కహాలే దిక్కని. మిగతా ఆరింటినీ అలా మార్చే ధైర్యం చాలలేదు. తప్పయితే అన్నీ పోతాయి.

కరెంటు ఐదు రోజులకు వచ్చింది. ఫ్రీజరంతా కుళ్లువాసన. విభాగం పెద్ద రఘునాథన్ సార్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, అన్నీ పారేయమన్నారు. అన్నీ పారేసింది, ఆ ఏడు తప్ప.

ఆర్తి మరుసటి మార్చిలో వచ్చింది. జరిగినదంతా విని తాయమ్మాళ్ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసే మళ్లీ కోశారు, జాడించారు, వేడి చేశారు. డీఎన్ఏ చెడిందో బాగుందో చూసే జెల్ పలకను దీపం మీద పెట్టినప్పుడు ఆరు వరసల్లో పొగ పారినట్టు మసక మాత్రమే కనిపించింది. అంతా తునాతునకలై పోయింది. ఏడో వరసలో మాత్రం, పైన, గీత గీసినట్టు ఒక వెలుగు నిలిచి ఉంది.

"ఇది ఆల్కహాల్‌లో ఏసిందక్కా!" అంది ఆర్తి.

తాయమ్మాళ్ ఆ గీతను చూడలేదు, ఆరు మసకల్నే చూస్తూ నిలబడింది. "అన్నీ ఏసుండాల్సింది," అంది. "బయపడితిని."

ఆర్తి దాన్ని హైదరాబాదు తీసుకుపోయింది. సెప్టెంబరులో ఫోన్ చేసింది. కణం లోపల వేరుగా చిన్న డీఎన్ఏ చుట్ట ఒకటి ఉంటుందట, తల్లి దగ్గర్నించి బిడ్డకు వచ్చేది. దాన్ని మొదటినుంచీ చివరిదాకా చదవగలిగారు. పదిహేడు వేల అక్షరాలు. వైతికుప్పం గుల్ల వేరే జాతేనని ఇప్పుడు గట్టిగా చెప్పవచ్చు.

"మిగతాదో?"

"మిగతాది ఇప్పుడు కాదక్కా. దానికి కావాల్సినంత డీఎన్ఏ లేదు, సొమ్మూ లేదు. ఈ పని సులువయ్యేదానికి పదేళ్లో, ఇరవయ్యేళ్లో. మిగిలిన చుక్క దాచిపెట్టినా." తర్వాత తనే అడిగింది. "మొత్తం సదివితే ఏం తెలుసుకోవాల నీకు?"

తాయమ్మాళ్ ఆలోచించింది. "అలొచ్చి పోతాండాదని దానికి ఎట్ట తెలుస్తాదో. కండ్లు లేవే దానికి. మా అమ్మని అడిగితే, 'నీకెందుకే, గుల్లలేరు' అనింది."

ఆ ఆదివారం ఆమె ఉత్తరం వైపు పోయే టౌన్ బస్సెక్కింది. ఇసుక ఇంకా మిగిలిన ఒడ్డు ఎక్కడ వస్తే అక్కడ దిగాలని. తిరుమలై అడగకుండానే వెంట వచ్చాడు. కాలాపేట దాటి దిగారు. ఇసుక వెడల్పుగా, మెత్తగా ఉంది. ఆమె నీళ్లలోకి దిగి అల తగ్గేదాకా నిలబడింది. గుల్లలు తేలాయి. చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, ఒకటి విప్పి చూసింది. లోపల ఊదా కాదు, తెలుపు. ఇంకోటి చూసింది. అదీ తెలుపే. మిగతావాటిని వదిలేసింది.

"కాదా?" అన్నాడు తిరుమలై ఒడ్డు మీదినుంచి.

"కాదు. ఇంగా పైకి పోతే ఏ ఊరొస్తాది?"

ఆయనకూ తెలియదు. వలలు ఆరేస్తున్న ఒకాయనను అడగడానికి ఇద్దరూ ఒడ్డువెంట నడిచారు.