ఐవీ మెచ్చుకున్న ఆదివారం

ఇంగ్లండులో మా యార్క్‌షైర్ వాళ్ల మాటల్ని తిరగేసి అర్థం చేసుకోవాలి. "ఫర్వాలేదు" అన్నారంటే అద్భుతమని. "భలే ఆసక్తిగా ఉందండీ" అన్నారంటే శుద్ధ చెత్త అని. "తమరి మీద ఎంతో గౌరవంతో చెబుతున్నా" అని మొదలెట్టారంటే ఇక తిట్లకు సిద్ధపడాల్సిందే. ఈ విద్యలో మా పక్కింటి ఐవీ బూత్రాయిడ్‌ను మించినవాళ్లు లేరు.

ఆవిడ చాలా ఏళ్లు బడిలో వంట చేసింది. గిట్టని మాస్టార్లను "అయ్యా" అనేది, ప్రాణంగా చూసుకునే పిల్లల్ని "దరిద్రులారా" అనేది. ఆ లెక్కన ఆవిడ మొగుడు విల్ఫ్ మహా అదృష్టవంతుడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక వంట ఆయనే చేస్తున్నాడు. "దీన్ని కుక్క కూడా ముట్టదు" అంటూనే ఐవీ గిన్నె ఊడ్చేది. ఈ వీధికి కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఆయన మీద జాలిపడ్డాను. నా జాలి తగలెయ్య!

మొన్న ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. గుమ్మంలోనే విల్ఫ్ నా చెవిలో గుసగుసలాడాడు.

"శుక్రవారం ఆసుపత్రికెళ్లొచ్చింది. రిపోర్టులో ఏముందే అంటే, నీకెందుకురా సన్నాసీ అంది. తిట్టిందంటే బాగున్నట్టే కదమ్మా!"

ఆ సంబరంలో పొయ్యి సంగతి మరిచిపోయినట్టున్నాడు. మా వైపు మాంసంతో నంజుకునే పుడ్డింగు బూరెలా పొంగాల్సింది, అణిగిపోయింది, గ్రేవీ ఉండలు కట్టింది. ఐవీ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఇక మొదలవుతుందని నవ్వు ఆపుకుంటూ చూస్తున్నాను.

"చాలా బాగుంది విల్ఫ్," అంది ఐవీ. "ఇన్నేళ్లూ నన్ను బాగా చూసుకున్నావు. నువ్వు మంచోడివి."

అంత భయంకరమైన మెప్పు నా జన్మలో వినలేదు. విల్ఫ్ ముఖాన నెత్తురు చుక్క లేదు. చేతిలోని గరిటె జారి నేల మీద పడింది.

"ఎన్నాళ్లంట?" అన్నాడు.

"చలికాలం దాకా ఉంటే గొప్పే అన్నారు. ఇంక తిప్పి తిప్పి మాట్లాడే తీరిక నాకు లేదయ్యా."

విల్ఫ్ ఆవిడ కుర్చీ పక్కన కూలబడ్డాడు. "అలా అనకే! చూడు, అట్టముక్కలా ఉంది. నాకు వంటే రాదు. తిట్టవే. ఒక్కసారి తిట్టు, నీకు దణ్ణం పెడతా."

ఐవీ తిట్టలేదు. ఆయన చెంప తుడిచి, చల్లారిపోయిన ఆ పుడ్డింగు మొత్తం నెమ్మదిగా తింది. తిని, ప్లేటు ముందుకు జరిపింది.

"ఇంకొంచెం పెట్టు," అంది.