స్విస్ కొండకు మెట్ల పూజ

నిన్న దజీజ్ గోడౌన్ల కాడ నాకు జరిగిన మర్యాద చూసినారు కదా! ఊరికి సామాన్లు పంపేదానికి అట్టపెట్టెలు కొందామని ఐదారుగురం పోయినాం. బస్సు దిగి, "ఇట్ల రాండి, గోడౌన్ నాకు తెలుసు" అని నేను ముందు నడిచినా. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరన్నా లేరు! అందరూ బస్టాప్ దగ్గరే నిలబడి నవ్వుతున్నారు. కొత్తగా వచ్చిన మన సునీతకు పాపం ఏమీ అర్థం కాలేదు. "ఏంటికక్కా, నీ వెనకాల ఎవరూ రారు?" అని అడిగింది.

ఈ చెడ్డపేరు నాకు కువైట్‌లో వచ్చింది కాదు తల్లీ. స్విట్జర్లాండ్‌లో వచ్చింది. టీ పోసుకోని కూర్చో, చెప్తా. మిగతావాళ్ళు ఎన్నోసారి వింటున్నారో, అయినా నవ్వుతారు చూడు.

ఇరాక్ వాళ్ళు కువైట్ మీద పడిన సంవత్సరం అది. అప్పటికే నేను మిష్రిఫ్‌లో ఈ మామా ఇంట్లోనే వంట చేస్తున్నా. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనీ, ఆమె మొగుణ్ణి బాబా అనీ పిలవాల, తెలుసు కదా. ఇక్కడ ఎండలు ముదిరితే మామా, బాబా, ఇద్దరు ఆడపిల్లలు స్విట్జర్లాండ్ పోయేవాళ్ళు. వాళ్ళకు బయటి తిండి సయించదు. అందుకని నేనూ, నా మసాలా డబ్బాలూ కూడా విమానం ఎక్కాల్సిందే. మా ఆయన మాత్రం ఇక్కడే, షుఐబాలో కంపెనీ క్యాంపులో ఉండి పైపుల పని చేసేవాడు. పేరు ఓబులేసు. మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ, చెప్పకపోతే మీకు కథ ఎట్లా అర్థమయ్యేది?

మేముండే పల్లె రెండు కొండల నడుమ ఉంది. మధ్యలో ఏరు, ఏటి మీద రాజుల కాలం నాటి రాతి వంతెన. ఒక కొండ మీద పాడుబడిన కోట, దాని పక్కనే చిన్న చర్చి. ఇక అక్కడి జనం చూడాల! పొద్దున లేస్తే చేతిలో కర్ర, వీపున సంచి, కాళ్ళకు ఇంతింత బూట్లు. అందరూ కొండలెక్కేదే! మా రాజంపేట వైపు మేక తప్పిపోతే కొండెక్కుతాం, లేదా మొక్కుంటే ఎక్కుతాం. పనీ పాటా లేకుండా కొండెక్కేవాళ్ళను నేను అక్కడే చూసినా.

ఒకరోజు పొద్దున్నే బాబా రేడియో ముందు తల పట్టుకోని కూర్చున్నాడు. "కువైట్ ఖలాస్" అన్నాడు. ఫోన్ తిప్పితే లైన్ లేదు. మామా వాళ్ళమ్మ మిష్రిఫ్‌లో ఉండిపోయింది, నా మొగుడు షుఐబాలో ఉండిపోయినాడు. ఆయమ్మ హాల్లో కూర్చోని ఏడిస్తే, నేను వంటింట్లో ఏడ్చేదాన్ని. నేను ఉల్లిపాయల మీద నెట్టేదాన్ని, ఆయమ్మకు ఆ వసతి కూడా లేదు.

కొన్నాళ్ళు అట్లా ఏడ్చి ఏడ్చి నాకే విసుగొచ్చింది. ఏడిస్తే మనిషి వస్తాడా? మా వైపు ఆడవాళ్ళకు మొగుడి ప్రాణం మీదికి వస్తే ఒకటే మందు. తిరుమల కొండకు కాలినడకన పోయి, ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కడం. మెట్ల పూజ. కానీ తిరుమల యాడ, నేను యాడ! ఊరికి పోయినాక చేస్తాలే అని మొక్కుకోవచ్చు. అంత ఆగే ఓపిక నాకు లేదు. కిటికీలో నుంచి చూసినా. ఎదురుగా కొండ, కొండ మీద దేవుడి గుడి. ఏ దేవుడైతేనేం, ఎత్తున ఉన్నాడు కదా, షుఐబా బాగా కనపడుతుంది అనుకున్నా.

ఇంకో సంగతి కూడా ఉంది. ముందురోజు పిల్లలతో వాహ్యాళికి పోయినప్పుడు ఆ కొండ దారిలో రాళ్ళ మీద తెల్ల చార, ఎర్ర చార, మళ్ళీ తెల్ల చార కనపడినాయి. సున్నం, కుంకుమ! మనోళ్ళెవరో ముందే వచ్చి మొక్కు తీర్చుకోని పోయినారని నాకు కొండంత ధైర్యం వచ్చింది.

తెల్లారి స్నానం చేసి, మామా బిర్యానీకని తెచ్చిన పసుపు ప్యాకెట్టు మొత్తం కొంగులో కట్టుకున్నా. నా కుంకుమ భరిణె రవికలో దోపుకున్నా. వంతెన దాకా పోయి చెప్పులు విడిచినా. అలిపిరి దగ్గర విడుస్తామే, అట్లా జతగా, ఒద్దికగా, ఏటి పక్కన గోడ మీద పెట్టినా. ఈ చెప్పుల సంగతి గుర్తుపెట్టుకో సునీతా.

మొదలుపెట్టినా. వంగడం, రాయికి పసుపు రాయడం, బొట్టు పెట్టడం, లేవడం, "గోవిందా!" అనడం. ఆ చలికి రాయి కాదు, ఐసు గడ్డ మీద అడుగేసినట్టుంది. నడుములు పట్టేసినాయి. అయినా ఆపలేదు. నేను ఒక్క మెట్టు వదిలేస్తే అక్కడ ఆయనకేమన్నా అయితే?

కొంత దూరం పోయేసరికి దారి రెండుగా చీలింది. అక్కడ ఒక స్తంభం, దానికి పసుపుపచ్చ బోర్డులు, బోర్డుల మీద బారెడు బారెడు పేర్లు. నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ, అన్ని అక్షరాలు ఒకే మాటలో ఉంటే ఎవరికి తెలుస్తుంది! కుడి దారి చదునుగా, నున్నగా, మధ్యమధ్యలో కూర్చునేదానికి బెంచీలతో ఉంది. ఎడమ దారి రాళ్ళూ రప్పలూ, నిట్టనిలువు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. బెంచీలు వేసిన దారిలో దేవుడుంటాడా ఎక్కడన్నా? ఎడమకు తిరిగినా. తిరిగీ తిరగ్గానే పై నుంచి గంటలు వినపడినాయి! గణగణ, గణగణ! చూసినావా, పూజ కూడా మొదలైంది అనుకోని ఇంకా గబగబా పసుపు రాసినా.

కొంచెం సేపటికి వెనకాల కర్రల టకటక. తిరిగి చూస్తే తెల్ల తలల ముసలాళ్ళు, ముసలమ్మలు, ఒక ఇరవై మంది వరసగా వస్తున్నారు. ముందు గడ్డి టోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలామె. నేను పసుపు రాసిన రాయిని కర్రతో చూపిస్తుంది, వెనకవాళ్ళకు ఏదో చెప్తుంది, పైకి అడుగేస్తుంది. మళ్ళీ రాయి, మళ్ళీ చూపించడం. నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. పరాయి దేశం, పరాయి మతం, ఎంత భక్తి వీళ్ళకు! "గోవిందా!" అన్నా గట్టిగా. ఆ టోపీ ముసలామె చెయ్యెత్తి, "గొవిండా!" అని నవ్వింది. వెనక ఉన్నోళ్ళందరూ "గొవిండా!" అన్నారు. అక్కడ పలకరింపుకు పలకరింపు చెప్పడం మర్యాదంట. అది నాకు తర్వాత తెలిసింది.

అట్లా వాళ్ళను వెంటబెట్టుకోని పోయి, పోయి, ఆయాసపడి, మోకాళ్ళు కొట్టుకోని, చివరికి పైకి చేరినా. చూస్తే ఏముంది?

ఆవుల కొట్టం.

దొడ్డినిండా ఆవులు. ఒక్కోదాని మెడలో బిందంత గంట! కోటేదని చూస్తే ఎదుటి కొండ మీద, చర్చి పక్కనే, మమ్మల్ని చూసి నవ్వుతున్నట్టుంది. పేడ ఎత్తుతున్న ఆసామి పార పట్టుకోని అట్లే నిలబడిపోయినాడు. చీర కట్టి చెప్పుల్లేకుండా, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్న ఆడమనిషి, దాని వెనక ఇరవై మంది ముసలాళ్ళు. నేనేం చేయాల? వచ్చినందుకు ఒక ఆవుకు పసుపు రాసి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నా. గోమాత కదా, పూర్తిగా దండగ కాలేదని మనసుకు సర్ది చెప్పుకున్నా.

ముసలాళ్ళు మ్యాపు తీసి పరిచినారు. మ్యాపును ఇట్లా తిప్పినారు, అట్లా తిప్పినారు. తర్వాత అందరూ కలిసి నా చేతుల వైపు చూసినారు.

ఇంతలో కింది నుంచి కుక్క అరుపులు. పోలీసులు, తాళ్ళు పట్టుకున్న మనుషులు, చేతిలో రంగుడబ్బా ఉన్న ఒక మేస్త్రీ, వాళ్ళందరి వెనక రొప్పుకుంటూ మా మామా! సంగతి ఏమంటే, ఏటి పక్కన జతగా పెట్టిన నా చెప్పులు ఎవరో చూసినారంట. ఆ దేశంలో చెప్పులు విడిచేది గుడికి పోయేవాళ్ళు కాదు, ఏట్లో దూకేవాళ్ళు! మామాకు కబురు పోయింది. మొగుడి కోసం రోజూ ఏడ్చే మనిషి కదా నేను, ఆయమ్మ నమ్మేసింది. సగం మంది ఏట్లో వెతుకుతుంటే, మిగతావాళ్ళు పసుపు గుర్తులు పట్టుకోని పైకి వచ్చినారు.

మామా నన్ను చూసి వచ్చీ రాగానే చెంప మీద ఒక్కటి పీకింది. తర్వాత గట్టిగా వాటేసుకోని ఏడ్చింది. తర్వాత నా చేతులు చూసి, "నా కుర్కుం! అంతా ఇక్కడుందా?" అని మళ్ళీ తిట్టింది. పసుపును వాళ్ళు కుర్కుం అంటారులే.

రంగుల మేస్త్రీ కొండ దారులకు గుర్తులు వేసేవాడంట, ఆయన చెప్పింది ఇంటికి పోయినాక బాబా నాకు విడమరిచినాడు. ఆ తెల్ల ఎర్ర చారలు ఎవరి మొక్కూ కాదు. కొండ దారికి అవి గుర్తులంట. ఉత్త పసుపురంగు ఉంటే పిల్లలూ ముసలాళ్ళూ కూడా నడవగలిగిన సులువు దారి అని గుర్తంట! ఆ ముసలాళ్ళు పాపం కోట, చర్చి చూడాలని వచ్చి, పసుపు గుర్తులు చూసి సులువు దారి అనుకోని నా వెనక పడినారు. అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అంటారు. ఇక్కడ ఉలిపికట్టె ఊరందరినీ తన దారి పట్టించింది.

శిక్ష ఏమంటే, పెట్టిన గుర్తులన్నీ నేనే కడగాల. మరుసటి రోజు బకెట్టు, బ్రష్షు తీసుకోని మొదలుపెట్టినా. పసుపు పోతుందా ఎక్కడన్నా! తోమేకొద్దీ రాయి ఇంకా నిగనిగ మెరుస్తుంది. నాకు ఏడుపొకటే తక్కువ. మొక్కు మొదలుపెట్టి గుడి చేరకపోతే పాపం. పెట్టిన పసుపు నా చేతులతో నేనే కడిగేస్తే అది ఇంకెంత పాపం? పైకి చూసి, "సామీ, ఇది నా తప్పు, దీన్ని ఆయన మీద వేయొద్దు" అని చెప్పుకుంటూ తోముతున్నా.

చూస్తే మామా ఇంకో బకెట్టు తెచ్చి నా పక్కనే కూర్చునింది. వాళ్ళింట్లో ఒక గ్లాసు కూడా కడిగి ఎరగని మనిషి! కాసేపు తోమి, "రెడ్డెమ్మా, ఇట్లా చేస్తే మీ దేవుడు నిజంగా వింటాడా?" అని అడిగింది.

"పైకి పోయి ఉంటే తెలిసేది మామా. నేను ఆవుల దగ్గరికి పోతిని."

అప్పుడే మామా పెద్దకూతురు కింది నుంచి అరుచుకుంటూ వచ్చింది. "రెడ్డెమ్మా! టెలిఫోన్! బొంబాయి నుంచి! మళ్ళీ చేస్తాడంట, యల్లా, తొందరగా రా!"

ఎట్లా దిగినానో నాకు తెలియదు. బ్రష్షు చేతిలోనే ఉంది. ఫోన్ మోగింది, ఎత్తినా.

"ఏమయ్యా, నువ్వేనా?"

"నేనే మే. బొంబాయిలో ఉండా. బాగుండా. మీటర్ తిరుగుతాంది, తొందరగా మాట్లాడు."

యుద్ధంలో నుంచి బయటపడినోడు మొదట చెప్పిన మాట మీటర్ గురించి! అప్పుడు నమ్మకం కుదిరింది నాకు, అది ఓబులేసే అని. నేను ఇచ్చిపోయిన ఫోన్ నంబరు అంగీ జేబులో పెట్టుకోని తిరిగినాడంట. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ దాటి అమ్మాన్ చేరినారంట. ఎడారిలో గుడారాల కింద ఉండి, విమానమెక్కి వచ్చినాడంట. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నా.

"ఏడ్చింది చాల్లే గానీ, ఫోన్ చేస్తే ఇంట్లో లేవంట. ఏం చేస్తాండావ్?"

"రాళ్ళు కడుగుతాండా."

"ఏం రాళ్ళు?"

చెప్పినా. చెప్పులు, పసుపు, ముసలాళ్ళు, ఆవులు, అన్నీ.

"ఏమ్మే," అన్నాడు. "ఆ ఎడారిలో బోర్డు లేదు, బొట్టు లేదు. మా డ్రైవరుకే దారి తెలీదు. అయినా నేను బాగ్దాద్ మీద నుంచి బొంబాయి చేరినా. నువ్వు మలుపు మలుపుకూ బోర్డు పెట్టిన కొండలో దారి తప్పి, ఇంకో ఇరవై మందిని పిల్చుకపోయి ఆవుల దొడ్లో దించినావా!"

మీటర్ తిరుగుతున్నా సరే, పడీ పడీ నవ్వినాడు. ఆ నవ్వు విన్నాక నాకు దేవుడి మీద ఏ ఫిర్యాదూ లేకుండా పోయింది.

మిగిలిన రాళ్ళు కడిగేదానికి మళ్ళీ పోయినాం. చివరి రాయి దగ్గర నేను బ్రష్షు పెట్టబోతే మామా నా చెయ్యి పట్టుకునింది. "ఇది కడగొద్దు. మీ ఆయన వచ్చేసినాడు కదా. ఇది మా అమ్మ కోసం ఉండనీ" అనింది. మా పని చూసేదానికి వచ్చిన రంగుల మేస్త్రీ అది చూసినాడు, చూడనట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. కువైట్ మళ్ళీ వాళ్ళ చేతికి వచ్చినాక మేం తిరిగొస్తే, ఆ ముసలమ్మ మిష్రిఫ్‌లో గేటు దగ్గర కుర్చీ వేసుకోని కూర్చోనుంది. మమ్మల్ని చూసి, ఇంత ఆలస్యమా అని గద్దించింది!

ఇదీ సునీతా, నా వెనకాల ఎవరూ రాకపోవడానికి కారణం. ఆయన మళ్ళీ షుఐబా పనికి వచ్చినాక ఈ కథ క్యాంపంతా చెప్పినాడు. నిన్న ఆ గోడౌన్ దొరక్క, అట్టపెట్టెలు లేకుండా ఉత్త చేతులతో ఇల్లు చేరినాక ఆయనకు ఫోన్ చేసి, "శుక్రవారం నువ్వొస్తావు కదా, బస్టాప్ కాడికి ఎదురొస్తాలే" అంటే, "వద్దు తల్లీ! నువ్వు ఇంట్లోనే ఉండు, నేనే వస్తా. నువ్వు బయల్దేరితే ఈసారి చెప్పులు చూసుకోని వెతకాల్సింది నేను!" అన్నాడు.

సరే, ఇంట్లోనే ఉంటా. వచ్చేవాడు వస్తున్నాడు, నాకు అది చాలు. వచ్చేటప్పుడు దజీజ్‌లో దిగి ఆ అట్టపెట్టెలు కూడా ఆయన్నే తెమ్మన్నా.