ఖానాపూర్ దారిలో పలకని రేడియో

శాంత చివరి రోజు మామూలుగానే మొదలైంది. కరీంనగర్ ఆసుపత్రిలో పొద్దున్నే సగం కప్పు చాయ్ తాగింది. కిటికీ తెరవమంది. మధ్యాహ్నం కాసేపు పడుకుంది. లేచాక ఒక్క మాట అడిగింది. "నేను చెప్పిన తొక్కు ముచ్చట రేడియోల ఎప్పుడొస్తదో. అవ్వకు వినిపియ్యుండ్రి. మరువకుండ్రి." సరేనన్నాను. దీపాలు పెట్టే వేళకు పోయింది.

మామిడికాయ తొక్కు పెట్టడం గురించి నా భార్య చెప్పిన ఆ పది నిమిషాల ప్రసంగాన్ని హైదరాబాద్ రేడియోవాళ్ళు చలికాలంలోనే రికార్డు చేసుకున్నారు. కాయలు దిగే రోజులు వచ్చాయి. ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు స్త్రీల కార్యక్రమంలో వేస్తామని కబురు పంపారు. మళ్ళీ వేస్తారన్న ఆశ లేదు. శాంత తల్లి నర్సవ్వ ఉండేది ఖానాపూర్ పక్క పల్లెలో. ఆ ఊరికి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే పంచాయతీ రేడియో ఉంది గాని, అది సాయంత్రమే మోగుతుంది. ఇక మిగిలింది నా కారు రేడియో. శాంత పోయినప్పటి నుంచి అది పలకడం లేదు.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరును. కాలువ పనుల మీద తిరగడానికి పాత కారొకటి కొన్నాను. రేడియో మాత్రం శాంత కోసం పెట్టించాను. ఒక్కడినే పోయేటప్పుడు దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదు. దుకాణంవాడు డాష్‌బోర్డు కింద చెక్కపలక కొట్టి, దానికి సెట్టు బిగించి, ఊగకుండా కింద ఒక ఇనుప పట్టీ వేశాడు. ఏరియల్ అంటే కారు కప్పు మీద కట్టిన మామూలు తీగే.

తెల్లవారుజామున ఐదింటికి కరీంనగర్‌లో బయలుదేరాను. జగిత్యాల దాకా రోడ్డు బాగుంది, గంటన్నర పట్టింది. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని, కారు తలుపు తెరిచి ఫ్యూజు తీసి చూశాను. కాలిపోలేదు. అయినా కొత్తది వేశాను. ఏరియల్ తీగను తుడిచి మళ్ళీ గుచ్చాను. సెట్టులో దీపం కూడా వెలగలేదు. హోటల్ యజమాని చాయ్ తెచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏంది సారు, పాటలు లేకుంటె బండి నడువదా?"

"బండి నడుస్తది. పని నడువది."

"గంత పనేముంది రేడియోతోని?" అని నవ్వాడు. నేను మళ్ళీ స్విచ్చు వేసి సెట్టు వైపు వంగాను. అతను చాయ్ డబ్బులు తీసుకోలేదు.

కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు చేరేసరికి ఎండ ముదిరింది. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద బండి నెమ్మదిగా పోనివ్వాలి, ఎదురుగా పత్తి లారీలు వస్తాయి. నదిలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. నిర్మల్‌కు పది దాటాక చేరాను. అక్కడ కారు వైరింగు చూసే షాపు ఒకటుంది. మేస్త్రి పేరు రహీం. టెస్టు బల్బుకు ఉన్న ఒక తీగను కారు బాడీకి తగిలించి, రెండోదాన్ని సెట్టుకు పోయే వైరుకు పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది.

"కరెంటు ఫస్టుక్లాసుగ వస్తుంది సాబ్. సెట్టే ఖరాబయింది. ఇడిసిపోండ్రి, హైదరాబాద్ పంపిస్త."

"ఈ పొద్దు ఒంటిగంటకు పలకాలె, భాయ్."

అతను సెట్టు వెనక్కు వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. "లోపటి గాజు వాల్వు పోయిందనుకుంట. నా దగ్గర లేదు. ఏమనుకోకుండ్రి."

నేనూ అదే అనుకున్నాను. అయినా సెట్టు విప్పనివ్వలేదు. నిర్మల్ నుంచి ఖానాపూర్‌కు కంకర రోడ్డు, రెండు పక్కలా టేకు చెట్లు. పల్లె చేరేసరికి పన్నెండు దాటింది. అత్తమ్మ గడపలోనే కూర్చుని ఉంది. శాంత పదకొండో రోజు తర్వాత ఆమెను చూడటం ఇదే.

"అత్తమ్మా, రేడియో పలుకుతలేదు."

"పలుకకుంటె పాయె. గంత దూరమొచ్చినవు, ముందుగాల బువ్వ తిను, బిడ్డా."

తినలేదు. స్విచ్చు వేసి ఉంచి, కుడివైపు తలుపు దగ్గర వంగి వైర్లన్నీ ఒక్కొక్కటే కదిలించి చూశాను. అత్తమ్మ కారు చుట్టూ తిరిగి అటువైపు వచ్చి నిలబడింది.

"నా బిడ్డ యాడ కూసునేది?"

"ఇగో, మీరు నిలబడ్డ కాడనే. ఆ సీటుల."

ఎక్కి కూర్చుంది. కూతురులాగే పొట్టి మనిషి, కాళ్ళు కిందికి అందలేదు. కుడికాలు ఎత్తి రేడియో కింది పట్టీ మీద ఆనించింది. సెట్టులో దీపం వెలిగింది.

"అయ్యో, నేనేమన్న ఒత్తిన్నా?" అని కాలు తీసింది. దీపం ఆరింది.

"మళ్ళ పెట్టుండ్రి. గట్టిగ."

వెలిగింది. అప్పుడు అర్థమైంది. కరెంటు సెట్టుకు వస్తోంది, తిరిగి పోవడానికి దారి లేదు. చెక్కపలక కరెంటును పోనివ్వదు. కారు బాడీని తాకేది ఆ పట్టీ ఒక్కటే, దాని బోల్టు వదులై తుప్పు పట్టింది. కాలు ఆనిస్తే తగులుతుంది. పట్టీ మీద ఒకచోట రంగు పోయి, పాదం వెడల్పున మెరుస్తోంది. కాలు తీయమని, సెట్టు ఊడుతుందని శాంతతో ఎన్నోసార్లు అన్నాను.

ఒంటిగంట అయింది, బోల్టు విప్పే సమయం లేదు. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పట్టింది. గరగర మధ్య నుంచి శాంత గొంతు వచ్చింది. కాయలను కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టాలని చెబుతోంది.

అత్తమ్మ సెట్టు వైపు వంగింది. "నీడల గాదే, ఎండల పెట్టాలె! ఎన్నిసార్లు చెప్పిన?"

శాంత కారం, ఉప్పు పాళ్ళు చెప్పింది. తర్వాత కొంచెం ఇంగువ అంది.

"ఇంగువనా! మనింట్ల ఇంగువ ఎన్నడేసినమే? ఎవలు నేర్పిండ్రు దీనికి?"

"కరీంనగర్ల పక్కింటోళ్ళు, అత్తమ్మా."

"గదే అనుకున్న," అంది. కళ్ళు తుడుచుకుంది గాని కాలు కదపలేదు. ప్రసంగం అయిపోయింది. తర్వాత పంటల ధరలు మొదలయ్యాయి.

"అయిపోయింది. ఇగ కాలు తియ్యొచ్చు."

"ఉండనీ, బిడ్డా. జర సేపు."

పత్తి ధర, పల్లీల ధర అన్నీ విన్నది.

ఈ దారిన వచ్చేవాళ్ళు నిర్మల్‌లోనే పెట్రోలు, నీళ్ళు నింపుకోవాలి, తర్వాత దొరకవు. కారు రేడియో పలకకపోతే కరెంటు వస్తోందా అని మాత్రమే చూసి ఊరుకోవద్దు. టెస్టు బల్బు తీగల్లో ఒకటి సెట్టుకు వచ్చే వైరుకే ఉంచి, రెండోదాన్ని ఒకసారి కారు బాడీకి, ఒకసారి సెట్టు పెట్టెకు తగిలించి చూడండి. బాడీకి పెడితే వెలిగి, పెట్టెకు పెడితే వెలగకపోతే సెట్టు మంచిదే కావచ్చు. లోపం ఎర్తులో, అంటే కరెంటు తిరిగి పోయే దారిలో ఉంది. నేను ఇన్ని రోజులూ కరెంటు వచ్చే దారే వెతికాను. పక్క సీటు వైపు చూడలేదు. అటు చూడకుండా బండి నడపడం అలవాటు చేసుకున్నాను.

సాయంత్రం అత్తమ్మ చిన్న జాడీలో తొక్కు పెట్టి ఇచ్చింది. ఇంగువ వేయలేదని రెండుసార్లు చెప్పింది. రేపు ఉదయం ఎండ ఎక్కకముందే పట్టీ విప్పి, తుప్పు గీకి, బోల్టు బిగిస్తాను. రేడియో పెట్టుకుని ఒక్కడినే బయలుదేరతాను.