నీకెంత వచ్చింది?

గదిలో నేను, ఒక తల్లి, ఆమె ఒడిలో ఆరు నెలల పాప, సంచిలో మూడు దగ్గు సిరప్ సీసాలు. పాప జుట్టులోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. భీమవరంలో ఈ గది అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టాక నాకు సందేహం వస్తే అడగడానికి పక్కన మరో డాక్టరు లేరు. ఆ వాసనకు సుభద్ర మేడమ్ గొంతు గుర్తొచ్చింది: "నీకెంత వచ్చింది?"

కాకినాడలో నాకు పిల్లల వైద్యం నేర్పింది ఆవిడే. దగ్గుతో వచ్చిన బిడ్డను ముందే ముట్టుకోనిచ్చేవారు కాదు. బిడ్డ తల్లి ఒడిలో నెమ్మదించాక, చొక్కా పైకి తీయించి పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. ఆవిడ ఒకవైపు, నేను ఒకవైపు, పెదవి కదపకుండా. తరువాత ఆ ప్రశ్న. లెక్కలు కలవకపోతే మళ్లీ మొదలు. ఏడాది నిండని ఈ వయసు పిల్లలకు యాభై, ఆపైన వస్తే న్యుమోనియా అనుమానించాలి.

ఒకసారి ఉప్పాడ నుంచి ఒక నాయనమ్మ మనవడిని తెచ్చింది. జ్వరం లేదు, పాలు తాగుతున్నాడు, ఊపిరి మామూలుగానే ఉంది. వారాలుగా దగ్గు మాత్రం పోవడం లేదు. నేను సిరప్ రాయబోయాను. మేడమ్ వంగి బిడ్డ తల వాసన చూశారు.

"రోజూ సాంబ్రాణి వేస్తున్నారామ్మా?"

"వెయ్యకపోతే జలుబు చెయ్యదా అండి? నిప్పుల మీద గంప బోర్లించి, దాని మీద పడుకోబెడతాను. వీడి నాన్ననీ అలాగే పెంచాను. తుఫానులో వేటకెళ్లినా తుమ్మడు వాడు."

"ఆయన తుమ్మడు సరే, వీడు దగ్గుతున్నాడుగా. జుట్టు తువ్వాలుతో ఆరబెట్టండి. ఆ పొగేదో మీ చీరలకి వేసుకోండి."

నాయనమ్మ నవ్వింది. ఆమె వెళ్లాక మేడమ్ నావైపు తిరిగారు.

"ఆ సిరప్ ఎవరికి బాబూ? బిడ్డకా, నాయనమ్మకా?"

మళ్లీ వచ్చినప్పుడు వాడికి దగ్గు లేదు.

మేడమ్ పోయాక నేనే రెండుసార్లు లెక్కపెట్టుకుంటున్నాను. రెండూ కలుస్తాయి. అయినా ధైర్యం రాదు. ఒకే మనిషి ఒకే తప్పు రెండుసార్లు చేయగలడు.

ఈరోజూ అలాగే లెక్కపెట్టి, తరువాత పాప ఛాతీ స్టెత్‌తో విన్నాను, ఏ తేడా లేదు. సిరప్‌లు, సాంబ్రాణి ఆపమన్నాను.

"మందే లేకుండా ఎలాగండి? రాత్రి ఏదైనా అయితే?" తల్లి సంచిలోని సీసాల వైపు చూసింది.

"ఊపిరి నిమిషానికి యాభైకి చేరినా, డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా వెంటనే తీసుకురండి. రండి, ఇప్పుడు మీరూ లెక్కపెట్టండి. పొట్ట లేచినప్పుడల్లా ఒకటి. పైకి అనకండి."

ఫ్యాను ఆపాను. ఇద్దరం పాప పొట్టనే చూశాం. నిమిషం నిండింది.

"మీకెంత వచ్చిందమ్మా?"

"నలభై రెండండి."

నాకూ నలభై రెండు.