జలుబుకి నాలుగేళ్ల చదువు

చైనా వైద్యం చదవబోతున్నానని నేను మొదటిసారి నలుగురిలో చెప్పింది అమెరికాలో, సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో, మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో. మా స్నేహితుల గుంపులో ఒక డాక్టర్‌గారు ఉండేవారు. అందరికంటే పెద్దాయన, మంచి మనిషి. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా విసుక్కోకుండా ఫోన్‌లో సలహా చెప్పేవారు. నా మాట విని ఆయన గట్టిగా నవ్వారు.

"గుంటూరులో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి గడ్డీ గాదం కాచుకుంటావా అమ్మా? జలుబుకి నాలుగేళ్ల చదువా? అది దానంతటదే పోతుంది కదా!"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, కాస్త ఇబ్బందిగా.

"దానంతటదే పోయేదైతే మనవాళ్లందరూ ఇండియా నుంచి సూట్‌కేసుల్లో యాంటీబయాటిక్స్ ఎందుకు మోసుకొస్తున్నారు అన్నయ్యగారూ?" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో పెరుగన్నం గురించి మాట మార్చారు. ఇంటికి వెళ్తుండగా కార్‌లో మా ఆయన, "ఆయనతో అలా మాట్లాడాల్సింది కాదు," అన్నాడు. "ఆయన నాతో అలా మాట్లాడొచ్చా?" అని అడిగాను. 

నిజానికి ఆ చదువు మీద నాకు మొదట్నుంచీ మోజేమీ లేదు. అప్పట్లో నాలా భర్త వెంట హెచ్-ఫోర్ వీసా మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చేయకూడదు. చదివిన చదువు అటకెక్కింది. ఆ ఊరి వానలకి నాకు చలికాలమంతా జలుబే. డాక్టర్ దగ్గరికి వెళ్తే, వైరస్ అనీ, యాంటీబయాటిక్ పనిచేయదనీ, విశ్రాంతి తీసుకోమనీ చెప్పి పంపించేవారు. అది సరైన మాటేనని ఫార్మసీ చదివినదానిగా నాకు తెలుసు. కానీ ముక్కు దిబ్బడా, ఒళ్లు నొప్పులూ అలాగే ఉండేవి.

ఒకరోజు ఆ జలుబుతోనే సియాటిల్‌లో చైనా వైద్యం నేర్పే ఒక చిన్న కాలేజీకి వెళ్లాను. అక్కడి విద్యార్థులు, టీచర్ పక్కనే ఉండగా, వచ్చిన రోగుల్ని చూస్తారు. నన్ను చూసిన అమ్మాయి ఎన్ని ప్రశ్నలు అడిగిందో! చలి ఎక్కువగా ఉందా, వేడి ఎక్కువగా ఉందా? చెమట పడుతోందా? మెడ వెనక పట్టేసినట్టుందా? గొంతు మంటా, గరగరా? నాలుక చూసింది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుంది. మా ఊరి మెడికల్ షాపుల్లో 'జలుబు' అన్న మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే బిళ్లలు చేతిలో పడటమే నేను చూశాను. జలుబు గురించి అడగడానికి ఇన్ని సంగతులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. మరుసటి సంవత్సరం వీసాని విద్యార్థులకిచ్చే ఎఫ్-వన్‌కి మార్చుకుని అదే కాలేజీలో చేరాను.

మాకు జలుబుల పాఠం చెప్పింది చైనా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. గాలి మెడ వెనక నుంచి ఒంట్లోకి దూరుతుందని ఆవిడ చెబుతుంటే, పక్కనున్న అమెరికన్ పిల్లలు కొత్త వింతలా రాసుకుంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. మా ఇళ్లలో చలిగాలి తగలకుండా చెవుల్లో దూది పెట్టుకుని, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుంటారని చెప్పాను. ఆవిడా నవ్వి, "మా అమ్మ స్కార్ఫ్ కట్టేది," అన్నారు.

చలిగాలి వల్ల వచ్చిన జలుబు వేరు, వేడిగాలి వల్ల వచ్చిన జలుబు వేరని వాళ్ల లెక్క. మొదటిదానిలో వణుకు, నీళ్లలా కారే ముక్కు. దానికి అల్లం, ఉల్లికాడల తెల్లభాగం, దాల్చినచెట్టు లేత కొమ్మ. రెండోదానిలో గొంతు మంట, దాహం, పసుపు కఫం. దానికి పుదీనా, చామంతి పూలు. 'వేడి చేసింది' అనే మాట పుట్టినప్పటినుంచీ వింటున్న తెలుగుదాన్ని. ఇది నాకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వైరస్ లేదని ఆ కాలేజీలో ఎవరూ అనలేదు. ఆ వైరస్‌తో ఈ మనిషి ఒళ్లు ఎలా తంటాలు పడుతోందో చూడమన్నారు, అంతే.

నేను మూడో సంవత్సరంలో ఉండగా మా అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. దిగిన వారానికే జలుబు చేసింది. సూట్‌కేస్‌లోంచి యాంటీబయాటిక్ షీటు తీశారు.

"అది వద్దు అత్తయ్యా," అన్నాను.

"మా డాక్టర్ ఇచ్చిందే. ఎప్పుడు జలుబు చేసినా వేసుకుంటాను."

"జ్వరం చూశాను, లేదు. ఊపిరి బాగానే ఉంది. ఇది దానికి లొంగేది కాదు. నన్ను చూడనివ్వండి."

"నీ పరీక్షలకి నేనే దొరికానా?"

"అవును, మీరే దొరికారు. చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇంట్లో ఆవిడతో అంత గట్టిగా మాట్లాడినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరనుకుంటాను. నా ముఖంలోకి చూసి చెయ్యి చాపారు. కొద్దిగా చెమట, గాలి తగిలితే చిరాకు, నాలుక మీద పల్చని తెల్లపూత. మా టీచర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. దాల్చిన కొమ్మ, అల్లం, ఎండు రేగుపళ్లు, మరో వేరు కలిపి కాచాను. ఆ కషాయంలో మామూలుగా అతిమధురం కూడా పడాలి. అది బీపీ పెంచుతుంది, అత్తగారికి బీపీ ఉంది. అందుకని టీచర్‌ని అడిగి అది తీసేశాను. కషాయం తాగాక వేడివేడి బియ్యం జావ తాగి దుప్పటి కప్పుకోవాలి. చైనా పాత పద్ధతి అదే.

"మా అమ్మ పెట్టినట్టే పెడుతున్నావు. దీనికి ఫీజులు కట్టి మరీ చదవాలా?" అని అత్తగారు దుప్పట్లోంచి సణిగారు. కానీ జావ గిన్నె ఖాళీ చేశారు. కొద్దిరోజుల్లో తేరుకున్నారు. కషాయం వల్లనే తగ్గిందని నేను ఒట్టేసి చెప్పలేను, ఆ మాట ఆవిడతోనూ అన్నాను. ఆ షీటు మాత్రం చింపకుండానే మిగిలింది.

ఆ చలికాలంలోనే మా ఆయనకి దగ్గు పట్టుకుంది. మొదట మామూలు జలుబే. తగ్గుతున్నట్టుగా ఉండి, ఉన్నట్టుండి జ్వరం పెరిగింది. శనివారం పొద్దున మంచం పక్కన కూర్చుని చూస్తే ఊపిరి వేగంగా ఉంది. దగ్గినప్పుడల్లా కుడి డొక్క పట్టుకుంటున్నాడు.

"కషాయం పెట్టు, పడుకుంటాను," అన్నాడు.

"పెట్టను. లే, హాస్పిటల్‌కి వెళ్దాం."

"ఈ వానలో వాణ్ణెక్కడికి తిప్పుతావు? నా దగ్గర బిళ్లలున్నాయి కదా," అని అత్తగారు అడ్డం వచ్చారు. నేను వినలేదు. కారు తాళాలు తీసుకుని డ్రైవ్ చేశాను. ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. అప్పుడు ఆ మందు నాకు దేవుడిలా కనిపించింది, ఆ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గులేదు.

సంగతి తెలిసి మర్నాడు డాక్టర్‌గారు ఫోన్ చేశారు. పలకరింపులయ్యాక, "చూశావుగా అమ్మా. కషాయాలు తాగిస్తే ఇలాగే అవుతుంది. ఇప్పటికైనా ఆ చదువు మానెయ్," అన్నారు.

 "నేనేమీ తాగించలేదు. ఇది ఇంట్లో చూసుకునేది కాదని గుర్తుపట్టి తీసుకెళ్లాను. ఆ గుర్తులు మా కాలేజీలోనూ నేర్పుతారు. మానను అన్నయ్యగారూ. ఈ మాట ఇంకోసారి అనకండి," అన్నాను.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, దాని మీదకి వంగి, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "బాబూ, వాణ్ణి తీసుకెళ్దామన్నది ఈ పిల్ల. వద్దన్నది నేను. అనేదేదో నన్ను అనండి."

ఆయన ఏదో గొణిగి ఫోన్ పెట్టేశారు. అత్తగారు నా వైపు చూడకుండానే వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టారు. 

చదువు పూర్తయింది. పరీక్షలు రాసి, లైసెన్స్ తెచ్చుకుని, గ్రీన్‌కార్డ్ వచ్చాక ఇంటి దగ్గర్లోనే ఒక గది అద్దెకి తీసుకున్నాను. బోర్డు మీద 'వెల్‌నెస్' అని రాయిస్తే మనవాళ్లు వస్తారనీ, చైనా పేరు చూస్తే వెనక్కి తగ్గుతారనీ చాలామంది చెప్పారు. చైనా వైద్యం అనే రాయించాను. నేను నేర్చుకున్నది అదే. దాన్ని ఇంకో పేరు వెనక దాచాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మొదటివారంలో మాస్టర్స్ చదువుతున్న ఒక అబ్బాయి మెడకి మఫ్లర్ చుట్టుకుని, తుమ్ముతూ వచ్చాడు. వరంగల్ వాడు. ఊపిరి ఎలా ఉందో చూసి, జ్వరం చూసి, ప్రశ్నలు మొదలుపెట్టాను. కాసేపు జవాబులు చెప్పి, ఇక ఉండలేక అడిగాడు.

"అక్కా, ఏమనుకోకు. ఇది నిజంగ పనిచేస్తదా?"

"కొన్నిటికి చేస్తుంది, కొన్నిటికి చేయదు. ఏది ఏదో తెలుసుకోవడానికే నాలుగేళ్లు చదివాను. నాలుక చూపించు."

చూపించాడు.