కత్తిరించిన కారణం

రెండేళ్ళ కిందట మార్చి మొదటి వారంలో నన్ను ఒక టీవీ డిటెక్టివ్ సీరియల్‌కు కంటిన్యుయిటీ సూపర్‌వైజరుగా కంబదూరు పంపారు. ఆరేళ్ళు చేసిన ఆ ఉద్యోగంలో అదే నా చివరి పని. ఇంజనీరింగు చదివినవాణ్ణి కాబట్టి ఆ పని నాకు సరిపోయింది. ప్రతి షాటుకూ ఒక షీటు రాయాలి: చొక్కాకు ఎన్నో గుండీ ఊడి ఉంది, గ్లాసులో టీ ఎంతవరకు ఉంది, తలుపు ఎటు తెరుచుకుంది. ఇవాళ తీసిన ముక్కనూ వారం తర్వాత తీసిన ముక్కనూ కలిపితే అతుకు కనబడకూడదు. హోదాలో మేము అసోసియేట్ డైరెక్టరు కింద, అసిస్టెంట్ల పైన. కథ మీద నోరు విప్పే అధికారం మాకు లేదు. తేడా కనబడితే షీటు చివర ‘గమనిక’ అని రాయవచ్చు, అంతే.

కథలో విలన్ బోర్లకు నీళ్ళు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ నిటారుగా లేచిన చోట రాయి పెడతారు, అక్కడే బోరు వేస్తారు. దీన్ని పాయింటు చూడటం అంటారు. మా విలన్ కావాలనే నీళ్ళు లేని చోట్లు చూపిస్తుంటాడు. అది కనిపెట్టిన ఒక రైతు మాయమవుతాడు.

ఆ వేషానికి ఆ ఊళ్ళో నిజంగానే పాయింట్లు చూసే ఓబులేసును సూచించింది నేనే. యాభై దాటిన మనిషి, పండుగల నాటకాల్లో వేషాలు కట్టినవాడు. మొదట ఒప్పుకోలేదు. “నా పనే చేపిచ్చి నన్నే దొంగను చేస్తారా? రేపు నా చేతికి టెంకాయ ఎవురిస్తారప్పా?” అన్నాడు.

నేను స్క్రిప్టు తీసి సీన్ నలభై ఆరు చదివాను. అందులో విలన్ డిటెక్టివ్‌కు కారణం చెబుతాడు. తమ్ముడి చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒకే బోరు మీద బతుకుతోంది. చుట్టూ కొత్త బోర్లు పడితే అది ఎండుతుంది. అందుకే అందరికీ నీటి దారి తప్పించి చూపించాడు.

ఓబులేసు ఆ పేజీ మీద వేలు పెట్టాడు. “తప్పే. కానీ మనిషి చేసే తప్పు. ఈ మాట ఉంటేనే చేస్తా.”

ఉంటుందని మాటిచ్చాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

ఆ సీను తీశాం. మూడో టేకు ఓకే అయింది. నా షీటులో ఉంది. ప్రసారంలో మాత్రం లేదు. చివరి ఎపిసోడులో ఓబులేసు పోలీసు జీపెక్కి నవ్వుతాడు, పేర్లు పడతాయి. ఎందుకు చేశాడో ఎవరికీ తెలియదు. కథలో తేలకుండా వదిలేసిన ప్రశ్నలకు కూర్చుని జాబితా రాశాను. ఒకటి, విలన్ ఎందుకు చేశాడు? రెండు, రైతు చెప్పులు బావి దగ్గరికి ఎలా వచ్చాయి? మూడు, డిటెక్టివ్‌కు వచ్చిన ఉత్తరం ఎవరు రాశారు? పదకొండు దాకా పోయింది. మిగతా పదీ బద్ధకం. మొదటిది మోసం.

రెండు వారాలకు ఓబులేసు ఫోన్ చేశాడు. “ఏమప్పా, టీవీలో నా నోరు కుట్టేసినారే?” అంతకు ముందు ఏడాది ఆయన పాయింటు చూపిన బోరులో తిమ్మారెడ్డి అనే రైతుకు దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ తిమ్మారెడ్డి సంతలో అందరి ముందూ నిలదీశాడట: “టీవీలో మాదిరే నాకూ కావాలనే చూపిచ్చినావు గదరా?” ఈ నేలలో బోరు ఎండటం వింత కాదు. ఇన్నాళ్ళూ దాన్ని తలరాత అనుకునేవారు. ఇప్పుడు దానికి ఒక మనిషి దొరికాడు.

డైరెక్టరును అడిగాను. రెండో సీజనుకు సస్పెన్స్ దాచామన్నాడు. “ప్రేక్షకుడు తెలివైనవాడు, ఊహించుకుంటాడు.”

“ఊహించుకున్నారు సార్, అదే గొడవ” అన్నాను. ఆ ఒక్క సీను విడిగానైనా జనం ఫోన్లలో చూసేట్టు పెట్టమన్నాను.

“నువ్వు గుండీలు చూసుకో” అన్నాడు. ఆ మధ్యాహ్నమే రాజీనామా రాశాను. రెండో సీజను ఇంతవరకూ రాలేదు.

నేనే కంబదూరు వెళ్ళాను. టీ హోటల్లో తిమ్మారెడ్డిని, ఇంకో నలుగురిని కూర్చోబెట్టి సీన్ నలభై ఆరు మొత్తం చదివాను. ఓబులేసు పక్క బెంచీ మీదే ఉన్నాడు.

తిమ్మారెడ్డి తొడ చరిచాడు. “అట్లనా! వీని బామ్మర్దికి బెళుగుప్ప కాడ చీనీ తోట ఉండాది గదప్పా. నాకు తట్టనే లేదే!”

“అది కథన్నా, రచయిత రాసింది” అన్నాను.

“ఆయప్పకు చీనీ తోట సంగతి యాడ తెలుస్తాది? వీడే చెప్పింటాడు.”

అంత దూరాన ఉన్న బెళుగుప్ప బోరుకూ ఈ చేలకూ నేల కింద సంబంధమే లేదని కాగితం మీద గీసి చూపించబోయాను. ఒక్కరూ చూడలేదు. ఓబులేసు లేచాడు. “చాలు సామీ. ఇంక నువ్వు నోరు తెరవద్దు.”

ఆ ఏడాది ఆయన్ను పాయింటుకు ఎవరూ పిలవలేదు. ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. నేరం చూపిన కథలోనే దాని కారణమూ చూపాలి. చూపకపోతే జనం దగ్గర్లో దొరికిన మనిషికి ఏదో ఒకటి అతికిస్తారు. ఆ తర్వాత మనం పట్టుకెళ్ళి ఇచ్చిన కారణం వివరణ కాదు. అతని మీద సాక్ష్యం.